కాటన్‌కూ దండ, అల్లూరికీ దండ: తెల్లదొరల పాలనను ఏ లెక్కన చూడాలి?

గోదావరి జిల్లాల్లో ఏటా మే నెలలో ఎనిమిది రోజుల తేడాతో రెండు విగ్రహాల మెడలో దండలు పడతాయి. మే 7 అల్లూరి సీతారామరాజు వర్ధంతి. మే 15 సర్ ఆర్థర్ కాటన్ జయంతి. ఒకరు తెల్లవాళ్ళ తుపాకీకి ఎదురు నిలిచి 1924లో కొయ్యూరు దగ్గర ప్రాణం వదిలిన మనిషి. మరొకరు ఆ తెల్లవాళ్ళలో ఒకరే, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు. రెండు చోట్లా దండ వేసే జనం ఒకరే. గోదావరి స్నానం వేళ కాటన్‌ను భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఒకటుంది.

ఇందులో తికమక ఏమీ లేదని నా నమ్మకం. తికమకంతా మనం వాదించుకునే తీరులోనే ఉంది. బ్రిటిష్ పాలన గురించి మాట మొదలైతే చాలు, ఒకరు రైళ్ళు, కోర్టులు, ఇంగ్లీషు చదువు అంటారు. ఇంకొకరు దోపిడీ, కరువులు, జలియన్‌వాలాబాగ్ అంటారు. త్రాసు పట్టుకుని ఇటొక రాయి, అటొక రాయి వేస్తూ పోతాం. తూకం ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఆ రెండు తట్టల్లో ఉన్నవి ఒకే జాతి వస్తువులు కావు. దానికి బదులు ప్రతి విషయానికీ మూడు ప్రశ్నలు వేసి చూద్దాం. ఈ పని చేయాలని నిర్ణయించింది ఎవరు? డబ్బు కట్టింది ఎవరు? తప్పు జరిగితే ఎవరిని నిలదీయవచ్చు?

ముందు ఆనకట్ట సంగతే చూద్దాం. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు తుడిచిపెట్టింది. జిల్లాలో ఉన్న అయిదు లక్షల మందిలో రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. డొక్కలు బయటపడ్డ మనుషులే ఎక్కడ చూసినా కనిపించారు కాబట్టి దానికి ఆ పేరు. పక్కనే రాజమండ్రి జిల్లాలోనూ వరస కరువులు, తుఫాన్లు. శిస్తు ఏటికేడు పడిపోతుంటే కంపెనీ ప్రభుత్వానికి ఆందోళన పుట్టింది. ఎందుకు పడిపోతోందో తేల్చమని 1840ల మొదట్లో హెన్రీ మాంట్‌గొమరీ చేత విచారణ చేయించారు. ఆ తర్వాతే కాటన్ పథకానికి అనుమతి వచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశారు. ఆ పని నిలబడింది వేలాది కూలీల రెక్కల మీద, కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న లాంటి తెలుగువాళ్ళ తెలివి మీద.

కాటన్ మనసులో ప్రజల ఆకలి తీర్చాలన్న తపన నిజంగానే ఉంది, దాన్ని నేను శంకించను. కాలవలు తవ్వండి, రైళ్ళకంటే నీళ్ళు ముఖ్యం అని ఆయన జీవితాంతం పోరాడారు. కానీ ఆయన తపన ఒక్కటే అయితే ఆనకట్ట లేచేది కాదు. పెట్టుబడికి మించి శిస్తు, నీటిపన్ను వస్తాయని లెక్క తేలాకే డబ్బు కదిలింది. శిస్తు పెరిగే చోట నీళ్ళు వచ్చాయి, పెరగని చోట రాలేదు. అదే కాలంలో రాయలసీమ చెరువులకు ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చెరువు తవ్వినవాడికీ, బాగోగులు చూసేవాడికీ దశబంధం ఇనాం, అంటే శిస్తు మినహాయింపు ఉన్న భూమి, ఇచ్చే పాత ఏర్పాటు అక్కడ ఉండేది. శిస్తంతా సర్కారు ఖజానాకే చేరాలన్న కొత్త పద్ధతిలో అది సన్నగిల్లింది.

రాయలసీమలో కాటన్ లాంటి మంచిదొర ఇంకొకరు ఉన్నారు, థామస్ మన్రో. నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ఆయన తొలి ప్రిన్సిపల్ కలెక్టర్. తిరుమలలో మన్రో గంగాళం ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారట. ఆయన ఏడేళ్ళు గుడారాల్లో తిరిగి పొలం పొలం కొలిపించి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టారు. తీరా 1807లో వెళ్ళిపోయే ముందు ఆయనే పైవాళ్ళకు రాశారు, శిస్తు మరీ ఎక్కువగా ఉంది, నాలుగోవంతు తగ్గించండి అని. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పైగా ఆయన పద్ధతినే పక్కన పెట్టేసి ఊళ్ళకు ఊళ్ళను గుత్తకిచ్చారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. మధ్యలో పోయిన ఆ పదమూడేళ్ళ సంగతి ఒక్కసారి ఆలోచించండి. శిస్తు మోయలేనిదని వేసినవాడే ఒప్పుకున్నాడు, అయినా రైతు దాన్ని కడుతూనే ఉన్నాడు. అనంతపురం రైతు అర్జీ పెట్టుకోవాలంటే మద్రాసు దాకా పోవాలి, మద్రాసు లండన్‌ను అడగాలి. మంచి దొర, చెడ్డ దొర అన్న మాటతో ఈ కథ తెగదు. మంచి దొరకు కూడా చెయ్యి ఆడని ఏర్పాటు అది.

డబ్బు ఎలా తరలిపోయింది?

తెల్లవాళ్ళు దోచుకుపోయారు అని మనవాళ్ళు అంటారే, ఆ దోపిడీ సరిగ్గా ఎలా జరిగిందో చెప్పేవాళ్ళు తక్కువ. ఓడల్లో బంగారం మూటలు వేసుకుని పోయారన్నట్టు ఊహించుకుంటాం. ప్లాసీ తర్వాత తొలి రోజుల్లో అలాంటివి జరిగాయి కూడా. కానీ 1858 తర్వాత, రాణి పాలన వచ్చాక, అది చాలా మర్యాదగా, రసీదులతో జరిగింది. అందుకే పట్టుకోవడం కష్టం.

ఒక పత్తి రైతును ఊహించుకోండి, బళ్ళారి వైపు మనిషి. ఆయన తన పొలానికి పది రూపాయలు శిస్తు కట్టాడు. ఆ పది మద్రాసు ఖజానాకు చేరింది. అదే రైతు పత్తిని ఒక షావుకారు పది రూపాయలకు కొని ఇంగ్లండుకు ఎగుమతి చేశాడు. అక్కడి కొనుగోలుదారు ఆ పత్తికి డబ్బు కట్టాలి కదా. అతను లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి కార్యాలయానికి వెళ్ళి పౌన్లు ఇచ్చి ఒక హుండీ కాగితం కొంటాడు. దాన్ని కౌన్సిల్ బిల్లు అనేవాళ్ళు. ఆ కాగితం ఓడ మీద మద్రాసుకు వస్తుంది. షావుకారు తరఫువాళ్ళు ఖజానాలో చూపించి పది రూపాయలు తీసుకుంటారు. ఏ పది రూపాయలు? రైతు శిస్తుగా కట్టిన పదే.

కాబట్టి రైతు చేతికి వచ్చిన పత్తి ధర తను కట్టిన పన్నే, తిరిగి వచ్చింది. అసలు ధర, అంటే ఆ పౌన్లు, లండన్‌లోనే ఉండిపోయాయి. ఇందులో ఎక్కడా దొంగతనం కనిపించదు. ప్రతివాడి దగ్గరా రసీదు ఉంది. సరుకు మాత్రం సముద్రం దాటిపోయింది, దాని విలువ ఈ గడ్డ మీదకు రాలేదు.

లండన్‌లో ఆ పౌన్లను దేనికి వాడారు? హోమ్ చార్జీలు అన్న పద్దు కింద తిరిగి వెళ్ళిన అధికారుల పింఛన్లు, లండన్ ఆఫీసు జీతాలు, సైన్యం ఖర్చు, అప్పుల మీద వడ్డీ. ఆ అప్పుల్లో 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చుంది. ఈస్టిండియా కంపెనీ వాటాదారులకు చెల్లించిన సొమ్ము కూడా ఉంది, అంటే మనల్ని కొన్న ఖరీదును మన పేరనే రాశారు. 1867లో లండన్ వచ్చిన టర్కీ సుల్తాను గౌరవార్థం ఇచ్చిన విందు ఖర్చూ ఇండియా పద్దులోనే పడింది. రైళ్ళ సంగతీ ఇక్కడే చెప్పాలి. రైలు కంపెనీలలో డబ్బు పెట్టిన ఇంగ్లీషువాళ్ళకు నూటికి అయిదు వంతున లాభం గ్యారంటీ. రైలు నష్టాల్లో నడిచినా ఆ అయిదును భారతదేశ పన్నుల్లోంచి కట్టాలి. రైళ్ళు వాళ్ళిచ్చిన కానుక అనేవాళ్ళకు ఈ ఒక్క షరతు చెప్తే చాలు.

దాదాభాయి నౌరోజీ దశాబ్దాల పాటు లెక్కలు కట్టి చెప్పింది ఈ తరలింపు గురించే. ఇటీవల ఇది 45 ట్రిలియన్ డాలర్లు అన్న అంకె బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ అంకె ఏటేటా తరలిన సొమ్ముకు నూటికి అయిదు చొప్పున చక్రవడ్డీ కలిపితే వచ్చింది. వడ్డీ రేటు మారిస్తే అంకె మారిపోతుంది, కాబట్టి దాన్ని పట్టుకుని బల్ల గుద్దడం నాకు ఇష్టం ఉండదు. అలాంటిదే ఇంకొకటి: 1700లో ప్రపంచ మొత్తం ఉత్పత్తిలో మన వాటా 24 శాతం, 1950కి 4 శాతం అని ఆంగస్ మాడిసన్ లెక్క. అందులో కొంత మనం చితికిపోవడం వల్ల, కొంత యూరప్, అమెరికా యంత్రాలతో ఎదగడం వల్ల. రెండిటినీ కలిపేసి దోచుకున్నారు అంటే అవతలివాడు ఒక్క ప్రశ్నతో మన వాదనంతా కూల్చేస్తాడు. ఇక్కడ నిజం చాలు, దాన్ని ఉబ్బించాల్సిన పని లేదు.

యంత్రాల మాట వచ్చింది కాబట్టి నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం గురించి రెండు ముక్కలు. అక్కడి నేతగాళ్ళు నేసిన తెల్లగుడ్డ ఎంత పేరుపడిందంటే ఇంగ్లీషులో ఆ రకం బట్టకు మడపోలమ్ అని ఆ ఊరి పేరే స్థిరపడింది. 1833 దాకా కంపెనీ వ్యాపార కార్యాలయం ఆ ఊళ్ళో ఉంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మడపోలమ్ అనే గుడ్డ ఇంగ్లండులో తయారై ఓడల మీద ఇండియాకు వస్తోంది. ఊరి పేరు బతికింది, ఊళ్ళో మగ్గం ఆగింది. యంత్రంతో చేనేత పోటీ పడలేకపోవడం ప్రపంచమంతటా జరిగింది, నిజమే. కానీ అంతకుముందు, 1700లోనూ 1721లోనూ, మన అద్దకం బట్టలు తమ మార్కెట్లోకి రాకుండా ఇంగ్లండు చట్టాలు చేసుకుంది. అలాంటి చట్టం చేసుకునే హక్కు మనకు లేకపోయింది.

కరువులో ఎవరి మాట చెల్లింది?

1876-78 నాటి కరువును సీమలో ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో మొత్తం 55 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా. వాన రాకపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపిస్తున్నాడు. ఇటు మద్రాసులో సహాయం ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ను పంపించాడు. టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది పైసలు చాలన్నాడు. ఒక పౌను అంటే అర కిలో కూడా లేదు. ఎర్రటి ఎండలో గంప మోసేవాడికి అది. మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని గట్టిగా ఎదురుతిరిగాడు, చివరికి కొంత పెంచారు. అప్పటికే ఎందరో పోయారు.

ఇక్కడా మంచి ఇంగ్లీషువాడు, చెడ్డ ఇంగ్లీషువాడు ఇద్దరూ ఉన్నారు. వాదన వాళ్ళిద్దరి మధ్యే జరిగింది. గంప మోసేవాడికి ఆ వాదనలో చోటు లేదు. 1919 చట్టం తర్వాత కూడా ఓటుహక్కు జనాభాలో నూటికి ముగ్గురిని మించలేదు.

స్వరాజ్యం పోరాటం ఒకటా, పదా?

బడిపుస్తకంలో స్వాతంత్ర్య పోరాటం ఒక రైలులా ఉంటుంది: 1857, 1885, 1920, 1930, 1942, 1947, స్టేషన్ తర్వాత స్టేషన్. మన ప్రాంతంలో దగ్గరికి వెళ్ళి చూస్తే అది పన్నుల గొడవల్లోంచి పుట్టింది. చీరాల, పేరాల జంట ఊళ్ళు యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయలు పన్ను కట్టేవి. మున్సిపాలిటీ చేసేసరికి అది నలభై వేలయింది. మాకీ మున్సిపాలిటీ వద్దు అన్నారు జనం. సర్కారు వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద అత్యధికులు ఇళ్ళకు తాళాలు వేసి మున్సిపల్ పొలిమేర దాటి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు. ఊళ్ళో జనమే లేకపోతే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఎండకు, వానకు ఓర్చుకుని పదకొండు నెలలు అలాగే ఉన్నారు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టాక, డబ్బు అయిపోయాక, వెనక్కి రాక తప్పలేదు.

చెప్పుకోని విషయం ఒకటుంది. అప్పుడు మద్రాసులో స్థానిక పాలన శాఖ మంత్రి తెల్లవాడు కాదు, పానగల్ రాజా, తెలుగువాడు. కొత్త సంస్కరణల కింద ఆ శాఖను భారతీయ మంత్రికే ఇచ్చారు. మన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినంత మాత్రాన మన మాట చెల్లదని చీరాలవాళ్ళకు ముందే తెలిసొచ్చింది.

ఆ మరుసటి ఏడు, 1922 జనవరిలో, గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు నిరాకరణ నడిచింది. శాంతిసేన వాలంటీర్లు ఊళ్ళకు కాపలా కాశారు. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది కరణాలు, మునసబుల రాజీనామాలు. ఏ పొలం ఎవరిది, ఎవరు ఎంత కట్టాలి అన్నది కరణం అడంగల్‌లో ఉంటుంది. కరణం కలం కింద పెట్టేస్తే కలెక్టరు గుడ్డివాడే. సర్కారు మిలిటరీని దించి జప్తులకు దిగినా వసూళ్ళు నామమాత్రమయ్యాయి. కొన్ని వేల మంది ఇంగ్లీషువాళ్ళు ముప్పై కోట్ల మందిని ఎలా ఏలారు అన్న ప్రశ్నకు జవాబు ఈ అడంగల్ పుస్తకంలో ఉంది. పాలన మన చేతుల మీదుగానే నడిచింది, అందుకే ఆ చేతులు వెనక్కి తీసుకుంటే ఆగింది. చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఉద్యమం ఆపేయమనడంతో పెదనందిపాడు కూడా చల్లబడింది.

అదే ఏడు ఫిబ్రవరిలో పల్నాడులో అడవిలో పశువుల్ని మేపినందుకు పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆగస్టులో మన్యం లేచింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు, అడవిలో కట్టె కొడితే కేసు. రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలి ఇవ్వకుండా వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళింది. గుంటూరులో శిస్తు ఉద్యమాన్ని అణచిన కలెక్టరు రూథర్‌ఫర్డ్‌నే ప్రభుత్వం 1924లో స్పెషల్ కమిషనర్‌గా మన్యానికి పంపింది. సర్కారు దృష్టిలో అహింసా ఉద్యమం, సాయుధ తిరుగుబాటు ఒకే ఫైలు. మనం మాత్రం గాంధీ వల్ల వచ్చిందా, అల్లూరి, బోసుల వల్ల వచ్చిందా అని వందేళ్ళుగా కొట్టుకుంటున్నాం.

ఈ కథలో అందరూ ఒకే వైపు లేరని కూడా చెప్పాలి. ఊరి బావి దగ్గరకు రానివ్వని కులాలవాళ్ళకు మిషనరీ బడి, సర్కారు కోర్టు కొత్త దారులు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములు అన్న పేరు వదిలి మేం ఆది ఆంధ్రులం అని ప్రకటించుకున్నవాళ్ళకు స్వరాజ్యం ఎవరి చేతికి వస్తుందన్నది అసలు టెన్షన్. అది తెల్లవాళ్ళ మీద ప్రేమ కాదు, ఊరి పెత్తందార్లను ఎరిగి ఉండటం. అదే సర్కారు ఎరుకల కుటుంబాల మీద పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించుకుంది. తెలంగాణలో పై కుర్చీ నిజాంది, దాని కాళ్ళు బ్రిటిష్ సైన్యం. అక్కడి రైతుకు ఎదురుగా కనిపించింది దొర గడీ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది విస్నూరు దొర మనుషుల తూటాకు. ఆ ప్రాంతానికి 1947 ఆగస్టు 15 పండగ కాలేదు, 1948 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

మరి 1947లో ఎందుకు వెళ్ళిపోయారు? ఒక్క కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను. 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగినట్టే దేశంలో వందల చోట్ల జరిగాయి. ఈ దేశాన్ని ఇకపై సైన్యంతో తప్ప ఏలలేమని అప్పుడే తేలింది. 1946 ఫిబ్రవరిలో నావికులు ఓడల మీద తిరగబడ్డారు, ఆ సైన్యమూ తమది కాదని అర్థమైంది. మూడోది డబ్బు. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా మనం లండన్‌కు అప్పున్నాం. యుద్ధానికి మన సరుకులు, సైన్యం వాడుకున్నాక లండనే మనకు సుమారు 130 కోట్ల పౌన్లు బాకీ పడింది. హోమ్ చార్జీల పద్దు తలకిందులైంది. లాభం లేని ఆస్తిని, కాపలా కాసేవాడు లేని ఆస్తిని, ఎవరు పట్టుకుని కూర్చుంటారు?

వాళ్ళు వెళ్ళారు, చాలా చట్టాలు ఇక్కడే ఉండిపోయాయి. 1894 నాటి భూసేకరణ చట్టంతోనే 2013 దాకా మన ప్రభుత్వాలు రైతుల భూములు తీసుకున్నాయి. అడవి సంగతి ఇంకా నెమ్మది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తన మొదటి పేరాలోనే రాసుకుంది, అడవిబిడ్డల హక్కుల్ని గుర్తించకపోవడం చారిత్రక అన్యాయం అని. అది వలస పాలనలో జరిగింది అని ఊరుకోలేదు, స్వతంత్ర భారతంలోనూ జరిగింది అని కలిపి రాసింది. చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగిన నాటికీ ఆ వాక్యానికీ మధ్య ఎనభై నాలుగేళ్ళు.